అడుగు

ఏప్రిల్ నెలాఖరుకి కాలవ కట్టేస్తారు.
మూడోనాటికి నీళ్ళు జారిపోయి
ఏడాదంతా మనం దాచినవి బయటపడతాయి:
మెడ విరిగిన సోడాసీసాలు, రొయ్యల మేత సంచులు,
ఎవరి పిల్లాడిదో ఒంటి చెప్పు,
ఎండి గోనెపట్టాలా పరుచుకున్న గుర్రపుడెక్క.
అడుగు కనబడే రోజులు
ఏడాదికి నలభయ్యే.

ఆ నలభైలోనే పూడిక తియ్యాలి.
తీసినట్టు రాయాలి.
మా దగ్గర రెండోది ముందు జరుగుతుంది.

నిరుడు పుస్తకం నా దగ్గరికొచ్చింది,
వంతెన పక్క టీకొట్టులో.
నీటిసంఘం మెంబర్ని నేను.
"తొమ్మిదో మైలు మొదలు శివారు వరకు
మూడడుగుల లోతున మట్టి తీయడమైనది.
సభ్యులు స్వయముగా చూచి తృప్తి చెందిరి."
చూడలేదు.
తృప్తి మాత్రం చెందాను.
చేతిలో వేడి టీ, ఎదురుగా పెనుమత్స అచ్యుతరాజు గారు,
మా అమ్మాయి పెళ్ళికి షామియానా ఊరికే వేయించిన మనిషి.
"ఆయ్" అన్నాను.

మా సీమలో ఆ మాట కొబ్బరినీళ్ళంత తేలిక.
పిలిస్తే ఆయ్, తిడితే ఆయ్,
తెలిసినా ఆయ్, తెలియకపోయినా ఆయ్,
ఓటడగడానికొచ్చిన ఇద్దరికీ
ఒకే గుమ్మంలో ఒకే ఆయ్.
పుస్తకం మీద గ్లాసు పెట్టినట్టున్నాను,
నా సంతకం చుట్టూ గుండ్రటి మరక,
ఆఫీసు ముద్రకంటే నిండుగా.

జూన్‌లో నీళ్ళొచ్చాయి.
నీళ్ళొచ్చాక అడుగు సంగతెవరికి?
తొమ్మిదో మైలు దాటాక కాలవ
ముసలాయన మాటలా నడుమనే ఆగిపోయింది.
శివార్లో గెల్లా దయామణి కౌలుచేను నలభై సెంట్లు.
నారుమడి నెర్రెలిచ్చాక ఆవిడ
కలెక్టరాఫీసుకి వెళ్ళలేదు,
మా అరుగు దగ్గరికొచ్చింది.
"సంతకం మీదేనంట గదండీ."
అంతే. తిట్టలేదు.
ఇచ్చిన మంచినీళ్ళు సగం తాగి
మిగతా సగం మా మందారం మొదట్లో పోసి
వెళ్ళిపోయింది.

ఆ ముందురోజే
గడ్డం నిండా నురగతో, సెలూన్ అద్దంలోకి చూస్తూ
"ఈ దేశం ఇంతేనండి" అని అరగంట చెప్పాను.
ఆ ఇంతేలో నా వంతెంతో
అద్దం అడగలేదు.

ఈ ఏడు కాలవ కట్టగానే దిగాను.
పంచె ఎగ్గట్టి, వెదురుకర్రకి అడుక్కో గాటు పెట్టి.
లస్కరు పని మానేసిన కామేశం
లాకు గోడమీద పాచి గీకి పాత గుర్తు చూపించాడు.
తాడు ఒక కొస నేను,
రెండో కొస దయామణి.
వంతెన మీద కుర్రాళ్ళు సెల్‌ఫోన్లు తీశారు.
పిక్కల దాకా దిగబడి రెండుసార్లు పడ్డాను,
రెండోసారి నవ్వింది ఆవిడే.
అచ్యుతరాజు గారు బండి ఆపారు.
"ఏంటండీ, చేపలా?"
"ఆయ్, అడుగండి."
మొదటిసారి ఆ మాట
గొంతులో కాస్త గీసుకుంది.

పుస్తకం మళ్ళీ వచ్చింది.
అదే టీకొట్టు, అవే మూడడుగులు, అదే తృప్తి.
ఎనిమిది సంతకాలు అప్పటికే వరసగా కూచున్నాయి.
తొమ్మిదోచోట రాశాను:
"ఒకటిన్నర అడుగు. దిగి కొలిచాను."
చెయ్యి వణికి 'కొ'కి కొమ్ము వంకర పోయింది.
ఎవరూ ఏమీ అనలేదు.
టీకొట్టు సత్తిపండు చిల్లర మాత్రం
నా చేతిలో కాకుండా బల్లమీద పెట్టాడు.

పదిహేనో తారీఖున నీళ్ళు వదుల్తారంట.
శివారుకి చేరతాయో లేదో చెప్పలేను.
తొమ్మిదిమందిలో ఒకడి గీత
ఎంత నీటిని తోస్తుంది?
దయామణి నారుమడి దున్నింది, అదొక్కటీ తెలుసు.
నా కాలిగోళ్ళ సందున నల్లమట్టి
ఎంత రుద్దినా ఇంకా కొంచెం ఉంది.
ఈసారి అది నేను చూసిన మట్టి.